ఆ ఎర్ర సిలిండర్‌లో నీళ్లుంటాయా అని అడిగారుగా!

రాజమండ్రి

ప్రియమైన పిల్లలూ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మన బట్టల కొట్లో మెట్ల పక్కన వేలాడే, మంటలార్పే ఎర్ర సిలిండర్ని చూపించి చిన్నోడు అడిగాడు, "అమ్మమ్మా, దీన్లో నీళ్లుంటాయా?" అని. బేరాల హడావుడిలో "తర్వాత చెప్తాలే నాన్నా" అనేశాను. మీరు రైలెక్కి వెళ్లిపోయాక ఆ మాటే గుర్తొస్తూ ఉంది. ఎందుకంటే పదిహేనేళ్ల కిందట నాకూ ఆ సంగతి తెలియదు. అప్పటికే అది నాలుగేళ్లుగా మా గోడ మీద ఉంది. లైసెన్సుకు కావాలంటే కొన్నాం. అమ్మినాయన మేకు కొట్టి తగిలించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. ఎలా వాడాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బిల్లులు రాసే బల్ల కింద నుంచి ప్లాస్టిక్ కాలిన కంపు వచ్చింది. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఫ్యాను, కంప్యూటరు, ఫోన్ చార్జర్లు అన్నీ తగిలించి ఉండేవి. వంగి చూస్తే పక్కనున్న అట్టపెట్టె అంటుకుని ఉంది. అప్పటికది చెత్తబుట్టంత మంట, అంతే. పనికుర్రాడు బిందెతో నీళ్లు తెస్తుంటే మీ తాతయ్య "నీళ్లొద్దు, కరెంటు!" అని అరిచి మెయిన్ ఆఫ్ చేశారు. నేను సిలిండర్ దగ్గరికి పరుగెత్తాను. దాని ముందు నిలువెత్తు చీరల మూటలు. వాటిని ఈడ్చి, దాన్ని దింపి, మీట నొక్కితే కదల్లేదు. టెన్షన్‌లో ఇంకా గట్టిగా నొక్కాను. మీట కింద పిన్ను ఉంటుందనీ, ముందు దాన్ని లాగేయాలనీ నాకు తెలియదు. చివరికి పక్క కొట్టాయన వచ్చి, పిన్ను లాగి మంట ఆర్పాడు. ఈలోగా బల్ల, వెనకున్న అర, రెండు వరసల చీరలు పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సమయానికి మేడ మీద మీ అమ్మ పెద్దదాన్ని ఉయ్యాల్లో వేసి నిద్రపుచ్చుతోంది. మెట్లు ఆ బల్ల పక్కనే. ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అంటారు. మేము బావి ముందే తవ్వుకున్నాం. చేదడమే నేర్చుకోలేదు.

ఇక చిన్నోడి ప్రశ్నకు వస్తాను. అందులో ఉండేది నీళ్లు కాదురా, పొడి. లేత పసుపు రంగులో పిండిలా ఉంటుంది. ఎక్కువగా మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ అనే రసాయనం. దాని మీద గ్యాసుని ఒత్తిడితో నింపి ఉంచుతారు. మీట నొక్కగానే ఆ ఒత్తిడి పొడిని గొట్టంలోంచి బయటికి తోస్తుంది. మంట సాగడానికి లోపల రసాయన చర్య గొలుసులా జరుగుతూ ఉండాలి, ఈ పొడి ఆ గొలుసును తెంపుతుంది. కట్టె, బట్ట, కాగితం లాంటివి మండుతుంటే వేడికి కరిగి వాటి మీద పొరలా పేరుకుని గాలి తగలనివ్వదు. సిలిండర్ మీద ఏబీసీ అని రాసి ఉంటుంది చూడండి. ఏ అంటే కట్టె, బట్ట, కాగితం లాంటి గట్టి వస్తువుల మంట, బీ అంటే పెట్రోలు, కిరసనాయిలు లాంటివాటిది, సీ అంటే గ్యాసుది. ఒత్తిడి పెట్టి చిమ్మే ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. 1818 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జార్జ్ విలియం మ్యాన్బీ అనే ఆయన ఒక రాగి పాత్రలో పొటాష్ కలిపిన నీళ్లు పోసి, పైన గాలిని కుక్కి, మోసుకెళ్లే యంత్రం చేశాడు.

కంప్యూటర్లూ కరెంటు బోర్డులూ ఉన్నచోట నల్లటి కొమ్ములాంటి మూతి ఉన్న సిలిండర్ కనిపిస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అది వస్తువుల మీద పొడి మిగల్చదు. కానీ వాడేటప్పుడు ఆ కొమ్మును చేత్తో పట్టుకోకూడదు, చలికి చర్మం దెబ్బతింటుంది. గాలాడని చిన్న గదిలో వాడితే వెంటనే బయటికి వచ్చేయాలి.

ఇప్పుడు అసలు సంగతి. పెద్దదానా, నువ్వు పదో క్లాసుకొచ్చావు, ఇది నీకు. చిన్నవాళ్లకు మాత్రం ఒకటే పని: గట్టిగా అరిచి పెద్దవాళ్లను పిలవడం, బయటికి పరుగెత్తడం. సిలిండర్ ముట్టుకోవద్దు.

ముందు ఇంట్లోవాళ్లను బయటికి పంపాలి, ఎవరో ఒకరు 101కో 112కో ఫోన్ చేయాలి. నీ వీపు వెనక తలుపు ఉండేలా నిలబడు. మంట నీకూ తలుపుకీ మధ్యకు రాకూడదు. పిన్నుకు చిన్న ప్లాస్టిక్ సీలు ఉంటుంది. పిన్నును మెలితిప్పి లాగితే సీలు తెగి వచ్చేస్తుంది. అలా లాగేటప్పుడు మీట మీద చెయ్యి ఉండకూడదు, నొక్కి ఉంటే పిన్ను బిగుసుకుంటుంది. నేను చేసిన తప్పు అదే. ఆరేడు అడుగుల దూరం నుంచి గొట్టాన్ని మంట మొదలుకి గురిపెట్టు. కళ్లకు కనిపించేది పైనున్న నాలుక కాబట్టి చెయ్యి అటే పోతుంది, కానీ మండే వస్తువు కింద ఉంది. మీట నొక్కి, ఇల్లు ఊడ్చినట్టు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పు. మరీ దగ్గరికి వెళ్తే ఆ ఊపుకి మండుతున్న గుడ్డలూ కాగితాలూ ఎగిరి వేరేచోట పడతాయి.

పెద్ద సిలిండరైనా పొడి ఇరవై సెకన్లపాటు వస్తే గొప్ప. వంటింట్లో పెట్టుకునే కిలో సిలిండర్‌కు అందులో సగమే అనుకో. అందుకే అది చెత్తబుట్టంత మంటకే. మంట నీ ఎత్తు దాటినా, పొగ తల మీదికి దిగుతున్నా, సిలిండర్ అయిపోయినా అక్కడ వదిలేసి వెళ్లిపోవాలి. తలుపు దగ్గరికి లాగి వెళ్లు, గొళ్లెం పెట్టకు. చీరలు పోతే మళ్లీ కొంటాం తల్లీ. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర కింద కొట్లు, పైన కాపురం ఉన్న ఇల్లు అంటుకుని 17 మంది పోయారు. వాళ్లలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. చాలామంది పొగకే ఊపిరాడక పోయారు. మనదీ కింద కొట్టు, పైన ఇల్లే. ఆ వార్త చదివిన రోజే మెట్ల మీద ఉన్న మూటలన్నీ మీ మామయ్య చేత తీయించాను.

వంటింటి సంగతి కొంచెం వేరు. మూకుట్లో నూనె అంటుకుంటే ఎప్పుడూ నీళ్లు పోయకూడదు. నీళ్లు అడుక్కి వెళ్లి ఒక్కసారిగా ఆవిరై, దాదాపు 1,700 రెట్లు పెరిగి, మండే నూనెను పైకి చిమ్ముతాయి. స్టవ్ ఆపి, పెద్ద మూత పక్కనుంచి జరిపి పూర్తిగా కప్పాలి. పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. మూకుడు ఎత్తుకుని బయటికి పరుగెత్తకూడదు. గ్యాసు గొట్టం దగ్గర మండుతుంటే, చెయ్యి అందితే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. గ్యాసు ఆపకుండా మంటను మాత్రం ఆర్పితే, కారే గ్యాసు నేల వెంబడి పరుచుకుని ఇంకో నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అందకపోతే బయటికి వచ్చేయండి. మంట లేకుండా వాసన మాత్రమే వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తీసి, బయటికెళ్లి గ్యాసు లీకు నంబరు 1906కి ఫోన్ చేయాలి.

మీ నాన్న కరెంటు స్కూటర్ కొన్నారటగా. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో అలాంటి స్కూటర్ల షోరూములో పుట్టిన మంట పొగ పైనున్న లాడ్జీలోకి వెళ్లి 8 మంది చనిపోయారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే పొడికి మంట తగ్గినట్టే ఉండి మళ్లీ లేస్తుంది. లోపలి వేడి దానంతటదే పెరుగుతుంది. దాంతో పోట్లాడకుండా బయటికి రావాలి. రాత్రిపూట గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టొద్దని నాన్నకు నా మాటగా చెప్పండి.

మీ ఇంటికి కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు ఐఎస్ 15683 అనే అంకె చూడమనండి. ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థవాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో, గుర్తు దగ్గరున్న లైసెన్సు నంబరు కొడితే అది అసలుదో కాదో తెలుస్తుంది. స్టవ్ పక్కన కాకుండా వంటింటి గుమ్మం దగ్గర తగిలించాలి. నెలకోసారి చూసే పని పెద్దదానిది. ఒత్తిడి చూపే చిన్న డయల్‌లో ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా, పిన్నూ సీలూ ఉన్నాయా, గొట్టం మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టిందా అని చూడాలి. నవ్వకండి, మనింట్లో ఒకసారి కట్టింది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ముల్లు ఉండదు, దాన్ని తూకం వేసే చూడాలి. ఏడాదికోసారి తెలిసినవాళ్ల చేత సర్వీసు చేయించాలి.

ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు ఫైర్ స్టేషన్లవాళ్లు మంటలార్పడం చేసి చూపిస్తారు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పడానికి వెళ్లిన 66 మంది ఫైర్‌మెన్ ప్రాణాలు వదిలారు. వాళ్లను తల్చుకునే వారం అది. మీ స్కూలుకు వాళ్లను పిలవమని టీచర్ని అడగండి.

మన కొట్లో సిలిండర్ను సంక్రాంతి తర్వాత రీఫిల్‌కు ఇవ్వాలి. ఎలాగూ ఖాళీ చేసేదే కాబట్టి అప్పటిదాకా ఇవ్వొద్దని మామయ్యకు చెప్పి ఆపాను. పండక్కి వచ్చినప్పుడు పెరట్లో పాత డబ్బా ఒకటి పెట్టి, పెద్దదాని చేతే పిన్ను లాగించి, మొత్తం కొట్టిస్తాను. తాతయ్య పక్కనే ఉంటారు. చిన్నోడు గాలికి ఎదురుగా కాకుండా అరుగు మీద నిలబడి చూడాలి. పాత బట్టలు ఒక జత తెచ్చుకోండి, ఆ పొడి ఒంటి నిండా పడుతుంది.

మీ
అమ్మమ్మ