తాళం వేసిన పొదుపు: అపోహలు - వాస్తవాలు

రాజమహేంద్రవరంలో ఆర్థిక సలహాదారుగా పనిచేస్తున్న నా దగ్గరకు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఒకే రకం కాగితాల కట్టతో వస్తారు: పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) పాస్‌బుక్కు, రెండు మూడు ఎండోమెంట్ (బీమా, పొదుపు కలిసిన) పాలసీలు, ఒక చిట్టీ పుస్తకం, వాటి అడుగున క్రెడిట్ కార్డు బిల్లు. మొదటివన్నీ బల్లమీద పరుస్తారు. బిల్లును మాత్రం అడిగితే గానీ తీయరు.

అపోహ: చేతికి అందని డబ్బే పొదుపు, సరదాలకు విడిగా తీసిపెట్టడం దుబారా.

వాస్తవం: చోటు పెట్టనంత మాత్రాన ఆ ఖర్చు ఆగదు, అప్పు రూపంలో వస్తుంది. ఈ మధ్య వచ్చిన దంపతులిద్దరూ ఉద్యోగులే; పీపీఎఫ్‌లో నెలకు 12,500 రూపాయలు వేస్తారు, జీతాలు పడిన మూడో రోజుకే ఖాతా ఖాళీ. పెద్దవాళ్లను కాశీ తీసుకువెళ్లినప్పుడు కార్డు మీద 60,000 గీకి, ఆ తరువాత మినిమమ్ డ్యూ (నెలనెలా కట్టితీరాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతూ వచ్చారు. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 2,100, దానిమీద 18 శాతం జీఎస్టీ 378. అదే 60,000కు పీపీఎఫ్ 7.1 శాతం చొప్పున నెలకు ఇచ్చేది 355. అంటే, అప్పు వడ్డీ మీద పడే పన్నుకు కూడా అది చాలదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆవిడ, "అది పిల్లల డబ్బు కదండీ, ఎలా ఆపుతాం?" అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. పీపీఎఫ్‌ను తప్పుపట్టడం లేదు. పదిహేనేళ్ల గడువుండి, ఏడో ఆర్థిక సంవత్సరం వస్తే గానీ కొంతైనా వెనక్కి తీసుకోనివ్వని ఖాతాలో వచ్చే వేసవి సెలవుల డబ్బు కూడా వేసేయడమే తప్పు. ఏడాదికి 500 వేసినా ఆ ఖాతా బతికే ఉంటుంది కనుక, ముందు ఆ 12,500ను కార్డు బాకీకి మళ్లించి, అది తీరాక ఇలాంటి సరదా ఖర్చులకని నెలకు 5,000 బ్యాంకు ఆర్డీలో (నెలనెలా కొంత వేసే డిపాజిట్‌లో) వేయమన్నాను. "సరదాకు ఆర్డీ ఏమిటండీ!" అని ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మార్చి నెల పన్ను కంగారులో, ఏడాదికి 30,000 ప్రీమియం పాలసీ తీసుకుని రెండేళ్లు కట్టి ఆపేశాను. మూడేళ్లు కట్టకపోతే సరెండర్ విలువే (పాలసీ మధ్యలో ఆపితే తిరిగొచ్చే సొమ్మే) లేని రోజులవి. ఆ రెండేళ్లూ స్నేహితులు అరకు వెళ్తుంటే డబ్బు లేదని ఇంట్లోనే ఉండిపోయాను. అరకూ లేదు, 60,000 లేవు.

సరదాలను "రిటైరయ్యాక చూద్దాం" అనేవారు ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఒక పుష్కరానికి రెట్టింపవుతాయని గుర్తుంచుకోవాలి; మోకాళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. "ఉన్నది ఒకటే జీవితం" అంటూ ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ తీసేసే కుర్రవాళ్లకు, ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుందని చెబితే చాలు. ఇక బ్యాంకు మునిగితే డిపాజిటర్ల డబ్బుతో నష్టం పూడుస్తారన్న భయం రేపి, 2018లోనే ఉపసంహరించిన ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు పేరుతో ఇప్పటికీ తిరిగే వాట్సాప్ సందేశాన్ని చూపించి, బ్యాంకులో దాచి లాభమేమిటని వాదించేవారికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ దంపతుల బాకీ ఆరో నెలలో తీరింది. ఆర్డీ గడువు 2027 పుష్కరాలకు ముందే ముగిసేలా పెట్టుకున్నారట. గోదావరి స్నానాలకని ఇంట్లో దిగే చుట్టాల ఖర్చు కూడా అందులోనే లెక్కకట్టారట.