జీర్ణాశయ క్యాన్సర్‌కు ల్యాపరోస్కోపీ: నమ్మకం కుదరడానికి పట్టిన కాలం

క్యాన్సర్ సోకిన జీర్ణాశయ భాగాన్ని తొలగించాక రోగి కోలుకోవడం మొదటిసారిగా 1881 జనవరిలో వియన్నాలో, శస్త్రవైద్యుడు థియోడోర్ బిల్‌రోత్ చేతుల మీదుగా సాధ్యమైంది. అయితే సుమారు నాలుగు నెలలకే జబ్బు తిరగబెట్టి ఆ రోగి, ఒక మహిళ, మరణించింది. జీర్ణాశయం చుట్టూ రక్తనాళాల వెంట ఉండే లింఫ్ గ్రంథుల్లోకి క్యాన్సర్ పాకుతుంది కాబట్టి, వాటిని ఎంతమేరకు తీయాలన్నదే ఆ తరువాత శస్త్రవైద్యులకు ప్రధాన ప్రశ్న అయింది. జపాన్ వైద్యులు దశాబ్దాల పరిశీలనతో, కాలేయ, ప్లీహ ధమనుల వెంట ఉన్న గ్రంథులను కూడా తొలగించే ‘డి2’ పద్ధతిని స్థిరపరిచారు.

1991లో జపాన్‌లోనే సెయిగో కిటానో బృందం తొలిదశ జీర్ణాశయ క్యాన్సర్‌కు ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరానూ పరికరాలనూ లోపలికి పంపి, తెర మీద చూస్తూ పనిచేసే పద్ధతి) సాయంతో శస్త్రచికిత్స చేసింది. పొట్టను పొడవునా కోయకుండా చిన్న రంధ్రాల గుండా పనిచేస్తే ఆ గ్రంథులన్నీ చేతికి అందుతాయా, క్యాన్సర్ కణాలు గాట్లలోనే మొలకెత్తవా అని చాలామంది వైద్యులు సందేహించారు. అది ఛాందసం కాదని, రోగి పక్షాన అడగవలసిన ప్రశ్నేనని నేను నమ్ముతాను. కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించిన పొట్టలో, క్లోమగ్రంథి పై అంచున, తెర మీద కొట్టుకుంటూ కనిపించే ధమనిని ఆనుకుని ఉన్న కొవ్వును గ్రంథులతో సహా ఒలిచి తీయాలి. వేడెక్కిన పరికరపు మొన క్లోమానికి తగిలితే జీర్ణరసం కారి ప్రాణం మీదికి రావచ్చు.

ఆ సందేహాన్ని తీర్చింది, రోగులను రెండు వర్గాలుగా చేసి రెండు పద్ధతులనూ పోల్చిన పెద్ద పరీక్షలే. కొరియాలో 1,416 మందిపై జరిగిన ‘క్లాస్-01’ పరీక్షలో, తొలిదశ రోగుల్లో ఐదేళ్లు బతికినవారు ల్యాపరోస్కోపీ వర్గంలో 94.2 శాతం, పొట్ట తెరిచి చేసిన వర్గంలో 93.3 శాతం, గాయానికి సంబంధించిన సమస్యలు మాత్రం ల్యాపరోస్కోపీలో తగ్గాయి. ముదిరిన దశ మీద చైనాలో 1,056 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి: మూడేళ్లపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు రెండు వర్గాల్లోనూ దాదాపు సమానమే. ఈ రెండు పరీక్షలూ జీర్ణాశయపు కింది భాగాన్ని తీసే శస్త్రచికిత్సకు సంబంధించినవి, చేసినవారు బాగా చేయి తిరిగిన వైద్యులు. ఫలితాలను చదివేటప్పుడు ఈ సంగతి మరువరాదు. మొత్తం జీర్ణాశయాన్ని తీసినప్పుడు అన్నవాహికను పేగుతో కలిపి కుట్టడం మరింత కష్టమైన పని.

గాటు చిన్నదైనా, మొత్తం జీర్ణాశయం పోయినవారు కొంచెం కొంచెంగా పలుమార్లు తినవలసిందే, విటమిన్ బి12 జీవితాంతం తీసుకోవలసిందే.