నది చేపా, హేచరీ చేపా? డీఎన్ఏ టెస్టు గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

చేపల జన్యు పరీక్షలే నా పని కాబట్టి, చేప ఫోటో పంపి "ఇది నదిదా, హేచరీదా, కాస్త చెప్పండి" అని అడిగేవాళ్లు ఎక్కువే. హేచరీ అంటే చేపలతో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే చోటు. ప్రెగ్నెన్సీ టెస్టులా ఒక గీత వస్తే నది, రెండొస్తే హేచరీ అన్నట్టు ఉండదండీ ఇది.

అపోహ: చూడగానే తెలిసిపోతుంది.

వేర్వేరు జాతులైతే కొంతవరకు నిజమే. కావేరిలో నారింజ రంగు రెక్కలుండే మూపురం మహసీర్ అనే పెద్ద చేప ఉంది. 1970ల నుంచి మహారాష్ట్రలోని లోనావలా దగ్గరి హేచరీలో పెంచిన నీలిరెక్కల మహసీర్ పిల్లల్ని అక్కడ వదిలారు, అది మన కృష్ణా పరీవాహకపు చేప, కావేరిది కాదు. వచ్చిన చేప నదంతా విస్తరించింది, స్థానిక చేప అంతరించే అంచుకు చేరింది. గాలం వేసేవాళ్లు ఈ రెండింటినీ చూసే గుర్తుపడతారు, కానీ ఆ మూపురం చేప శాస్త్రీయ నామం మాత్రం 2018లో గానీ తేలలేదు. 2007లో కేరళలోని పంబార్ నదిలో దొరికిందని వర్ణించిన టోర్ రెమాదేవి, ఇదీ ఒకటేనని డీఎన్ఏ, ఆకారం రెండూ పోల్చాకే నమ్మకం కుదిరింది.

ఒకే జాతిలో నది చేపకూ హేచరీ చేపకూ తేడా చెప్పడానికి మాత్రం కన్ను పనికిరాదు. తిండిని బట్టి, నీటిని బట్టి రంగూ ఒళ్లూ మారతాయి, సిమెంటు తొట్టెలో అరిగిన రెక్కలు బయటికొచ్చాక మళ్లీ పెరగొచ్చు. పైగా వదిలిన చేపలు నదిలో పెట్టిన పిల్లలు అసలు తొట్టె మొహమే చూసి ఉండవు.

అపోహ: ఒక్క జన్యువు చదివితే సరిపోతుంది.

జాతి గుర్తించడానికి మామూలుగా చదివే చిన్న డీఎన్ఏ ముక్క, అంటే బార్‌కోడ్, మైటోకాండ్రియాది (కణంలో శక్తిని తయారుచేసే భాగం), అది తల్లి నుంచే వస్తుంది. బొచ్చె తల్లికీ శీలావతి తండ్రికీ పుట్టిన చేపను పంపితే రిపోర్టులో బొచ్చె అనే వస్తుంది. రకరకాల తల్లి చేపల్ని ఒకే గుండ్రటి తొట్టెలో గుడ్లు పెట్టించే చోట ఇలాంటి సంకరాలు వింతేమీ కాదు. అందుకే తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏలో చాలాచోట్ల చూడాలి. మొదటి తరం సంకరం తేలిగ్గానే దొరుకుతుంది, నాలుగైదు తరాలు కలిసిపోయాక వందలు, వేల గుర్తులు చూడాల్సి వస్తుంది, అప్పుడూ వచ్చే జవాబు శాతాల్లోనే.

అపోహ: డీఎన్ఏ ఉంటే చాలు, అన్నీ అదే చెప్పేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇక్కడే. పోల్చడానికి పాత నమూనా లేకపోతే ఎంత ఖరీదైన మిషనైనా చేతులెత్తేస్తుంది. శీలావతినే తీసుకోండి. దాని సొంతూరు గంగ, బ్రహ్మపుత్ర వైపు, దక్షిణాది నదుల్లోకి తర్వాత తెచ్చి వదిలారు, కాబట్టి "నాటు గోదావరి శీలావతి" కోసం వెతకడమే తప్పు. పోనీ గంగలోనే వెతుకుదామంటే, భువనేశ్వర్‌లోని సీఫా అనే మంచినీటి చేపల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన జయంతి రోహు (రోహు అంటే శీలావతే) రకంలో గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి చేపలన్నీ కలిశాయి. దాని పిల్లలు గంగలోకి వెళ్తే ఏ ముక్క ఎవరిదని విడదీస్తాం?

డెన్మార్క్‌లో బ్రౌన్ ట్రౌట్ అనే చేప మీద పనిచేసినవాళ్లకు ఈ బాధ తగ్గింది, దశాబ్దాల కిందటి ఎండు పొలుసులు దాచిపెట్టి ఉన్నాయి, వాటి డీఎన్ఏతో ఇప్పటి చేపల్ని పోల్చారు. అమెరికాలోని ఐడహోలో అయితే హేచరీ తల్లిదండ్రుల చేపలన్నిటి జన్యు వివరాలూ ముందే రాసిపెడతారు, తర్వాత నదిలో పట్టిన చేప ఎవరి బిడ్డో సరిచూడొచ్చు.

అపోహ: ఎన్ని పిల్లల్ని వదిలితే నదికి అంత మంచిది.

అమెరికాలోని ఒరెగాన్‌లో హుడ్ నదిలో స్టీల్‌హెడ్ చేపల వంశవృక్షాన్ని డీఎన్ఏతో గీసి చూస్తే, హేచరీలో గడిపిన ఒక్కో తరానికి నదిలో సంతానం కనే సామర్థ్యం సుమారు 40 శాతం పడిపోయింది. ఈ అధ్యయనం 2007లో వచ్చింది. తెలంగాణలో 2016-17 నుంచి చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉచితంగా పిల్లల్ని వదులుతున్నది మత్స్యకారుల ఆదాయం కోసం, దాన్ని నేను తప్పుపట్టను. దాన్నే నది సంరక్షణ అని చెప్తేనే ఒప్పుకోను.

అపోహ: శాంపిల్ కోసం చేపను చంపాలి.

అక్కర్లేదు. రెక్క చివర చిన్న ముక్క కత్తిరించి 95 శాతం ఇథనాల్‌లో వేస్తే చాలు, రెక్క మళ్లీ పెరుగుతుంది. ఫార్మలిన్‌లో మాత్రం వేయకండి, డీఎన్ఏ పాడవుతుంది. హేచరీ వాళ్లు గుడ్లు పెట్టించే ముందు ప్రతి తల్లి చేప నుంచీ, మగ చేప నుంచీ ఒక ముక్క తీసి దాచండి. తేదీ, చోటు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది.