హైకోర్టు ఖాళీలు: జాబితా రెండు ముక్కలైన జూన్

హైకోర్టు జడ్జి పోస్టుల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. పేర్లు పంపినా కేంద్రం కదలడం లేదని ఒకరంటే, అసలు పేర్లే వేళకు రావడం లేదని ఇంకొకరు. దేశంలోని 25 హైకోర్టులకు మంజూరైన పోస్టులు 1,122. కొన్నేళ్లుగా వాటిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటుగా ఖాళీగానే ఉంటున్నాయి.

జడ్జీల పేర్లు సిఫారసు చేసే సీనియర్ జడ్జీల బృందమైన కొలీజియం ఎలా పుట్టింది, 1993, 1998 తీర్పులు ఏం చెప్పాయి అన్నది పత్రికలు చదివేవారికి కొట్టినపిండే. ఈ తగవు రేగినప్పుడల్లా అందరూ 2015 అక్టోబర్ 16 దగ్గర ఆగిపోతారు. కొలీజియం బదులు జడ్జీలను ఎంపిక చేయడానికి తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను సుప్రీంకోర్టు 4-1 తేడాతో కొట్టేసిన రోజది. ప్రభుత్వానికి కోపం వచ్చింది, అప్పటినుంచి ఫైళ్లు ఆగుతున్నాయి అన్నది వాడుకలో ఉన్న కథ. కానీ ఇవాళ్టి తగవుకు వేరు అంతకు ఏడాది ముందే, 2014 జూన్‌లో ఉంది. అప్పటికి ఆ కమిషన్ బిల్లు పార్లమెంటులో పాస్ కూడా కాలేదు.

సుప్రీంకోర్టు నియామకాల కోసం కొలీజియం అంతకుముందే నాలుగు పేర్లు పంపింది. కేంద్రంలో కొత్త ప్రభుత్వం వచ్చి నెల కాలేదు. నలుగురిలో ముగ్గురికి సరేనని, సీనియర్ న్యాయవాది గోపాల్ సుబ్రమణియం పేరును వెనక్కి పంపింది. ఆయన తన సమ్మతిని ఉపసంహరించుకున్నారు. మిగతా ముగ్గురూ జూలై 7న ప్రమాణం చేశారు. నాటి ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం.లోధా, తనకు తెలియకుండా, తన సమ్మతి లేకుండా జాబితాను విడదీశారని బహిరంగంగానే తప్పుపట్టారు. ఇకమీదట ఇలా చేయవద్దని న్యాయశాఖ మంత్రికి లేఖ రాశారు. అభ్యంతరం రికార్డుకెక్కింది, జాబితా మాత్రం చీలిపోయింది.

జాబితాను విడదీస్తే ఏమవుతుందో కోర్టు వరండాల్లో తిరిగేవారికి బాగా తెలుసు. జడ్జి సీనియారిటీ ప్రమాణస్వీకారం నుంచి లెక్క. ఒకే జాబితాలో పైన ఉన్నవాడు ఆరు నెలలు ఆలస్యంగా వస్తే, కిందివాడి తర్వాత నిలబడాలి. రేపు చీఫ్ జస్టిస్ ఎవరవుతారన్నది అక్కడే తేలిపోతుంది. పైగా హైకోర్టు జడ్జి 62 ఏళ్లకు దిగిపోవాలి. బార్ నుంచి, అంటే న్యాయవాదుల్లోంచి వచ్చేవారు చాలామంది నలభై అయిదు దాటాకే ఆ మెట్టెక్కుతారు. ఫైలు ఢిల్లీలో నానిన ప్రతి ఏడాదీ వాళ్ల సర్వీసులోంచే పోతుంది.

2018లో ఉత్తరాఖండ్ చీఫ్ జస్టిస్ కె.ఎం.జోసెఫ్ విషయంలోనూ ఇదే జరిగింది. జనవరిలో సుప్రీంకోర్టు కోసం ఆయన పేరు, సీనియర్ న్యాయవాది ఇందూ మల్హోత్రా పేరు కలిపే వెళ్లాయి. ఆమె నియామకం ఏప్రిల్‌లోనే అయిపోయింది, ఆయన ఫైలు వెనక్కొచ్చింది. మళ్లీ అదే పేరు పంపాక ఆగస్టులో ఆయన ప్రమాణం చేశారు, అదీ ఆ రోజు ముగ్గురిలో చివరివాడిగా.

పై కోర్టులో పనికొచ్చిన పద్ధతి హైకోర్టులకు పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. పాకడానికి దారి కూడా ఉంది. నియామకాలు ఎలా జరగాలో చెప్పే 1999 నాటి పత్రం మెమొరాండం ఆఫ్ ప్రొసీజర్ ప్రకారం, ఖాళీ రావడానికి ఆరు నెలల ముందే హైకోర్టు చీఫ్ జస్టిస్ పేర్లు పంపాలి. ముఖ్యమంత్రి అభిప్రాయానికి ఆరు వారాలు. ఢిల్లీలో సుప్రీంకోర్టు కొలీజియానికి నాలుగు వారాలు. ఆ తర్వాత న్యాయశాఖ మంత్రి మూడు వారాల్లో ప్రధాని ముందుంచాలి. అందరికీ గడువు ఉంది. ఫైలు మొదటిసారి న్యాయశాఖకు చేరి, ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) నివేదిక జతపడి, కొలీజియానికి వెళ్లేదాకా ఉన్న మధ్య భాగానికి మాత్రం గడువు లేదు. ఫైళ్లు ఆగేది ఎక్కువగా అక్కడే. 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్, హైకోర్టులు పంపిన 70 పేర్లు కొలీజియానికి చేరనే లేదని ధర్మాసనం మీద నుంచే చెప్పారు. కొలీజియం చూడని పేరును అది ఖరారు చేయడం ఎలా?

ఆ లోటు పూడ్చడానికే 2021 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు గడువులు పెట్టింది. ఐబీకి నాలుగు నుంచి ఆరు వారాలు, కేంద్రానికి ఎనిమిది నుంచి పన్నెండు, కొలీజియం ఏకగ్రీవంగా మళ్లీ అదే పేరు పంపితే నియామకానికి మూడు నాలుగు వారాలు. అవి అమలు కావడం లేదని బెంగళూరు న్యాయవాదుల సంఘం కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. మరోవైపు, కర్ణాటక హైకోర్టుకు రెండుసార్లు సిఫారసైన సీనియర్ న్యాయవాది ఆదిత్య సోంధీ ఏడాది ఎదురుచూసి, 2022 ఫిబ్రవరిలో ఇక చాలని తప్పుకున్నారు. జడ్జి కావడం ఖాయమని బార్‌లో తెలిశాక కొత్త కేసులు రావడం తగ్గుతుంది, నియామకం చూస్తే రాదు. ఆ టెన్షన్ ఎన్నాళ్లని భరిస్తారు?

2023 నవంబర్‌లో పంజాబ్, హర్యానా హైకోర్టుకు సిఫారసైన అయిదుగురిలో ముగ్గురికే నోటిఫికేషన్ వచ్చింది. ఆగిపోయిన ఇద్దరూ సీనియర్లు, ఇద్దరూ సిక్కులు. ఆ మాట కూడా సుప్రీంకోర్టు ధర్మాసనమే అంది.

ప్రభుత్వ వాదనా ఉంది. కొలీజియం గదిలో ఏం జరుగుతుందో బయటివారికి తెలియదు, జవాబుదారీ ఎవరూ లేరు, 2018 తర్వాత వచ్చిన హైకోర్టు జడ్జీల్లో నాలుగింట మూడు వంతులకు పైగా జనరల్ కేటగిరీ వారే అంటుంది. ఈ చివరి మాట కాదనలేనిది. 2015 తీర్పులో ఏకైక భిన్నస్వరం వినిపించిన మన జస్టిస్ చలమేశ్వర్ కూడా పారదర్శకత లేదనే అన్నారు. ఫైళ్ల మీద కూర్చున్నామని అనేటట్లయితే మాకు పంపడం మానేసి మీరే నియమించుకోండి అని 2022లో నాటి న్యాయశాఖ మంత్రి కిరణ్ రిజిజు విసుక్కున్నారు. కొత్త మెమొరాండం రాసుకోమని 2015 డిసెంబర్‌లోనే కోర్టు చెప్పింది. దేశ భద్రత పేరుతో పేరు తిరస్కరించే అధికారం దగ్గర పేచీ వచ్చి, అది ఇంతవరకు ఖరారు కాలేదు.

మన దగ్గరి సంగతి. తెలంగాణ హైకోర్టు పోస్టులను 24 నుంచి 42కి పెంచాలన్న ప్రతిపాదన 2019 నుంచి ఢిల్లీలో మూలుగుతుంటే, 2021లో ఎన్.వి.రమణ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాక కదిలింది. ఆంధ్రప్రదేశ్‌కు 37. పోస్టులు పెంచినంత తేలిగ్గా మనుషులు రాలేదు.

ఇక ఆ ధిక్కార పిటిషన్. 2023 డిసెంబర్ 5న విచారణకు రావాల్సింది, జాబితాలో లేకుండా పోయింది. తాను తొలగించలేదని, కొన్ని విషయాలు చెప్పకుండా ఉండటమే మేలని జస్టిస్ కౌల్ అన్నారు. అదే నెల 25న రిటైరయ్యారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మరో దారి చూసింది. రిటైరైన జడ్జీలను 224ఏ అధికరణం కింద తాత్కాలికంగా తీసుకోవడానికి ఉన్న షరతును సడలించింది. ఇరవై శాతం ఖాళీలుంటేనే అన్న నియమం పోయింది. వాళ్లు సిట్టింగ్ జడ్జి నేతృత్వంలోని బెంచిలో కూర్చుని క్రిమినల్ అప్పీళ్లు వినాలని అప్పుడు చెప్పింది. వాళ్ల నియామకానికీ రాష్ట్రపతి సమ్మతి కావాలి. ఆ ఫైలు కూడా 1999 మెమొరాండం ప్రకారమే, న్యాయశాఖ మీదుగానే వెళ్తుంది.