ఒక్క సప్లీయే కదా అంటే…

ఇంజనీరింగ్ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచిలో పన్నెండేళ్లుగా ఉన్నా. రిజల్ట్స్ వచ్చిన వారమంతా మా కిటికీ దగ్గర ఒకటే మాట: "బిల్ గేట్స్ డిగ్రీ పూర్తి చేశాడా సార్?"

చెయ్యలేదు నాయనా. 1975లో హార్వర్డ్ వదిలేశాడు. కంపెనీ పెట్టుకుని వదిలేశాడు, మ్యాథ్స్-3 సప్లీ (ఫెయిలై మళ్లీ రాయాల్సిన సబ్జెక్టు) పెట్టుకుని కాదు.

అపోహ: ఒకటి రెండు సబ్జెక్టులు మిగిలినా బీటెక్ చదివినట్టే.

వాస్తవం: కాదు. హైదరాబాద్ జేఎన్టీయూ ఆర్18 రూల్స్‌లో (2018లో వచ్చినవి) మొత్తం 160 క్రెడిట్లు, అంటే సబ్జెక్టు పాసైతే పడే పాయింట్లు. డిగ్రీకి కావాల్సినవాటిలో మూడు తగ్గినా ప్రొవిజనల్ సర్టిఫికెట్ రాదు, ఒరిజినల్ డిగ్రీ రాదు. గ్రూప్-2 అప్లికేషన్ దగ్గర నువ్వు ఇంటర్ పాసైనవాడివి, అంతే. డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరిన నీ పక్క బెంచీవాడు తప్పినా వాడి డిప్లొమా ఎక్కడికీ పోదు, రైల్వే జేఈకి పెట్టుకుంటాడు. నీకు అదీ లేదు.

"ఎప్పుడైనా రాసుకోవచ్చు" అనేది ఇంకో భ్రమ. నాలుగేళ్ల కోర్సుకి గడువు, చేరిన ఏడాది నుంచి ఎనిమిదేళ్లు. గడువు దాటినవాళ్లకి వన్ టైమ్ చాన్స్ వస్తుందట అని వాట్సాప్‌లో తిప్పేది ఏనాటి నోటిఫికేషనో ముందు తేదీ చూడండి.

మొన్న ఒకతను భార్యతో వచ్చాడు, చంకలో పిల్ల. మెకానికల్. మూడేళ్లుగా ఏసీ రిపేర్ల షాపు, కింద ఇద్దరు కుర్రాళ్లు. సంపాదన నాకంటే ఎక్కువే. గల్ఫ్‌లో సూపర్‌వైజర్ పని కుదిరితే డిగ్రీ అటెస్టేషన్ అడిగారట. ప్లాస్టిక్ కవర్లోంచి మెమోలు తీసి ఒక్కొక్కటీ పరిచాడు. థర్మోడైనమిక్స్ ఎదురుగా 'ఎఫ్'. అదొక్కటే. వేళ్లమీద లెక్కేశా, ఇంకా రెండు సప్లిమెంటరీలకు టైముంది. చదవగలవా అంటే నవ్వాడు. "రిఫ్రిజిరేషన్ సైకిల్ ఇప్పుడు కళ్లు మూసుకుని గీస్తా సార్. అప్పుడే ఎక్కలేదు."

అపోహ: డిగ్రీ లేకపోతే బతుకే లేదు.

వాస్తవం: పైన ఆ ఏసీ అబ్బాయి బతుకుతున్నాడుగా. ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, పాలిటెక్నిక్ మూడేళ్లు, పదో తరగతి అయితే చాలు. బీటెక్ నచ్చకపోతే ఫస్టియర్‌లోనే బయటపడటం తప్పేమీ కాదు. ఫీజులన్నీ కట్టి చివరి మూడు క్రెడిట్ల దగ్గర వదిలేయడమే నాకు కడుపుమంట.

అపోహ: కన్సల్టెన్సీవాళ్లు పాత తేదీతో సర్టిఫికెట్ తెచ్చిస్తారు.

వాస్తవం: వెరిఫికేషన్‌కి అది తిరిగి యూనివర్సిటీకే వస్తుంది. తర్వాత పోలీస్ స్టేషన్.

ఎన్ని క్రెడిట్లు మిగిలాయో తెలియక రాత్రుళ్లు నిద్రపట్టనివాళ్లు మెమోలన్నీ పట్టుకుని మీ ఎగ్జామ్ బ్రాంచికి వెళ్లండి. పది నిమిషాల లెక్క. నాన్నగారిని వెంట తేనక్కర్లేదు.