వడ్ల కుప్పల మధ్య ఆకలి: కొన్ని అపోహలు, వాస్తవాలు

మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. సీజన్‌లో నా బ్యాగులో తప్పకుండా ఉండేవి రెండు: వడ్లలో తేమ చూసే మీటరు, పైరుకు యూరియా కావాలో లేదో ఆకు రంగును బట్టి తేల్చే పట్టిక. రైతు వేదికలో మీటింగు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "ప్రపంచమంతా ఆకలంటున్నరు, మా వడ్లకేమో గిరాకీ లేదంటున్నరు. ఏది నిజం మేడం?"

రెండూ నిజమే. అదెలాగో నాకు తెలిసినంతలో చెప్తాను.

అపోహ: జనాభా పెరిగిపోతోంది, తిండిగింజలు చాలవు.

వరి, గోధుమ, మొక్కజొన్న, జొన్న వగైరా కలిపి ప్రపంచంలో ఏటా సుమారు 280 కోట్ల టన్నుల ధాన్యం పండుతోంది. జనం 820 కోట్లు. భాగించి చూడండి, చంటిపిల్లలతో సహా తలకు రోజుకు కిలోకు కాస్త తక్కువ వస్తుంది. నాట్లేసి వచ్చిన కూలీ కూడా అంత తినలేదు. ఆ ధాన్యంలో మూడో వంతుకు పైగా కోళ్లకు, పందులకు, పశువులకు దాణాగా పోతోంది. అమెరికా మొక్కజొన్నలో మూడో వంతు దాకా ఇథనాల్ ఫ్యాక్టరీలకు వెళ్తోంది (పిప్పి మళ్లీ దాణాకే వస్తుంది లెండి). ఇంత పండినా, ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో 67 కోట్ల మందికి సరిపడా తిండి లేదు. ఆ ఏడాదే సూడాన్‌లో కరువు వచ్చిందని తేల్చారు. అక్కడ పంటను, బజారును, రోడ్డును మూడింటినీ దెబ్బతీసింది యుద్ధం.

1943 బెంగాల్ కరువులో దాదాపు 30 లక్షల మంది పోయారు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ లెక్క ప్రకారం, కరువు లేని 1941తో పోలిస్తే ఆ ఏడాది అందుబాటులో ఉన్న తిండి ఎక్కువే. బియ్యం ధర ఎక్కడికో పోయింది, కూలి రేటు పెరగలేదు. తిండి ఉంది, కొనడానికి చేతిలో డబ్బు లేదు. ముందు పోయింది వ్యవసాయ కూలీలు, చేపలు పట్టేవాళ్లు.

అలాగని పంట పెంచాల్సిన పని లేదనుకుంటే అది ఇంకో అపోహ. 1960ల నడిమధ్యలో వరసగా వానలు ఎగ్గొట్టి, అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసిన దేశం మనది. పొట్టిగా, కంకి బరువుకు పడిపోకుండా నిలబడే ఐఆర్-8 వరిని 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు పండించి చూపించారు. తర్వాత మార్టేరులో స్వర్ణ, బాపట్లలో సాంబ మసూరి వచ్చాయి. స్వర్ణకు ముంపును తట్టుకునే గుణం కలిపితే తయారైన రకం రెండు వారాలు నీళ్లలో మునిగినా మళ్లీ లేస్తుంది. వరదలొచ్చే ఒడిశా ఊళ్లలో ఆ గింజ విలువ ఏమిటో వాళ్లనే అడగాలి.

జనాభా ఇలాగే పెరుగుతూ పోతుందన్న మాట కూడా పాతబడింది. 2080లలో 1030 కోట్ల దగ్గర ఆగి తగ్గుముఖం పడుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. మన రెండు రాష్ట్రాల్లోనూ తల్లికి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు.

అపోహ: యూరియా ఎంత చల్లితే అంత పంట.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. నిరుడు వానాకాలం ఒక పెద్దాయన మూడో దఫా బస్తా గట్టు మీద దించి, "పక్కోడు చల్లిండు మేడం, నాది ఎర్రబడతదేమో" అన్నాడు. మడిలోకి దిగాం. ఎండ ఆకు మీద పడితే రంగు తప్పుగా కనిపిస్తుంది కాబట్టి మన నీడ పడేలా నిలబడాలి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకు నడిమి భాగాన్ని, లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ గడులున్న పట్టిక మీద ఆనించాలి. అలా పది దుబ్బుల్లో చూసి, ఆరింటిలోనైనా నాలుగో గడి కన్నా లేతగా ఉంటేనే యూరియా. ఆయన మడిలో పదికి ఒక్కటే లేతగా ఉంది. దుబ్బు మొదట్లో తట్టి చూస్తే సుడిదోమలు (వరి రసం పీల్చే పురుగులు) నీళ్ల మీద రాలాయి. నల్లబడేంత పచ్చగా, మెత్తగా ఉన్న పైరంటే దోమకు పండగే. బస్తా వెనక్కి పోయింది. పెద్దాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మరి ఎరువే మానేస్తే? 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. వరి దిగుబడి పడిపోయింది, బియ్యం బయటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది, అదే ఏడాది నవంబరులో నిషేధం వెనక్కి తీసుకున్నారు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట (ఎరువు కోసం పెంచి మడిలోనే దున్నేసే పైరు) నేను కూడా చెప్తాను, దానికి జీలుగ విత్తనాలు దగ్గరుండి ఇప్పిస్తాను. రాత్రికి రాత్రి మార్చమని మాత్రం ఎవరికీ చెప్పను.

అపోహ: రేషన్ బియ్యం అందితే ఆకలి తీరినట్టే.

2025 ఉగాది నుంచి తెలంగాణలో తలకు ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. మంచి పని, కడుపు నిండుతుంది. కానీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇక్కడి ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత తేలింది, అయిదేళ్లలోపు పిల్లల్లో మూడో వంతు వయసుకు తగ్గ ఎత్తు లేరు. నాట్ల కూలీల సద్ది గిన్నెలు చూస్తే కారణం కనిపిస్తుంది: నిండా అన్నం, పక్కన పచ్చిపులుసు. పప్పు వారానికి రెండుసార్లయితే గొప్ప. కాలువ నీళ్లొచ్చాక మా ఊళ్లలో కంది వేసేవాళ్లే కరువయ్యారు, పప్పు కొట్లో కొనాల్సిందే. అందుకే పొలం గట్ల మీద కంది పెట్టమంటాను. మగవాళ్లు నవ్వుతారు, ఆడవాళ్లు విత్తనాలు అడిగి తీసుకెళ్తారు. ఒకావిడకు గట్ల మీదే పన్నెండు కిలోల కందులొచ్చాయి.

అపోహ: తిండి వృథా అయ్యేదంతా పెళ్లి భోజనాల్లోనే.

దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిపి ప్రపంచంలో దాదాపు అయిదో వంతు ఆహారం పారేస్తున్న మాట నిజం. అందులో ఎక్కువ వాటా ఇళ్లదే. కోత నుంచి దుకాణం చేరేలోపు పోయేది ఇంకో 13 శాతం దాకా ఉంటుంది. అందులో మా వంతు కల్లాల్లో పోతుంది. హార్వెస్టర్ కోసిన వడ్లలో తేమ ఇరవై దాటి ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు పదిహేడు శాతం దాటకూడదు. ఆ నాలుగైదు శాతం కోసం మూడు, నాలుగు రోజులు రోడ్డు మీద ఎండబోయాలి. మబ్బు పడితే టార్పాలిన్ కోసం పరుగు, ఒక జల్లు పడితే రెండు రోజులకు మొలకలు.

పోయిన నవంబరులో ఒక కుప్పలో మీటరు 18.1 చూపించింది. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, వడ్లు మళ్లీ కాళ్లతో దున్నడం మొదలుపెట్టింది. సాయంత్రానికి 16.8 వచ్చింది. కాంటా మాత్రం మూడో రోజు పడింది, గోనె సంచులు అయిపోయాయి.