ఏ పక్క నుంచి తగిలినా గుండ్రటి గుంటే

పిల్లలూ,

చంద్రుడి ఫోటో ఒకటి పెద్దది చేసుకుని చూడండి. లెక్కపెట్టలేనన్ని గుంటలు, దాదాపు అన్నీ గుండ్రంగానే ఉంటాయి. ఆకాశంలోంచి రాళ్ళు పడి ఏర్పడ్డాయని చదివేసి ఊరుకుంటాం గానీ, రాళ్ళన్నీ నిట్టనిలువుగా పడవు కదా, చాలావరకు ఏటవాలుగానే వస్తాయి, మరి గుంటలు కోలగా ఎందుకు లేవు? ఇది చిన్న సందేహం కాదు. 1890ల్లో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే అమెరికా భూగర్భ శాస్త్రవేత్త ఇవి రాళ్ళ దెబ్బలేనని గట్టిగా వాదించాడు, ఆయన్ని కూడా ఈ గుండ్రమే తికమక పెట్టింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు చాలామంది వీటిని అగ్నిపర్వతాల నోళ్ళనే అనుకున్నారు.

జవాబు ఏంటంటే, ఆ రాయి నేలను తవ్వదు, పేలుతుంది. చంద్రుడి మీద గాలి లేదు, రాయి వేగానికి అడ్డేమీ ఉండదు, అది సెకనుకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది. ఆ శక్తంతా కన్ను మూసి తెరిచేలోపు ఒక్కచోట విడుదలైతే రాయి కరిగి ఆవిరైపోతుంది, అక్కణ్ణుంచి షాక్ తరంగం నేలలో అన్ని వైపులకూ పాకి మట్టినీ రాళ్ళనూ ఎగజిమ్ముతుంది. గుంట చేసేది ఆ తరంగమే, అందుకే రాయి ఏ పక్క నుంచి వచ్చినా గుండ్రమే వస్తుంది. నేలను రాసుకుంటూ పోయేంత వాలుగా వస్తే తప్ప కోలగా రాదు.

2013 మార్చి 17న ఇలాంటి దెబ్బే ఒకటి భూమ్మీది టెలిస్కోపుకి మెరుపులా దొరికింది. తగిలిన రాయి బరువు సుమారు 40 కిలోలని అంచనా, అంటే అర మీటరు కూడా ఉండదు. తర్వాత చంద్రుడి చుట్టూ తిరుగుతున్న నాసా నౌక ఆ చోటు ఫోటో తీస్తే కొత్త గుంట కనిపించింది, వెడల్పు 18 మీటర్లు! నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

పెద్ద దెబ్బల సంగతి ఇంకా బాగుంటుంది. నీళ్ళలో చుక్క పడితే మధ్యలో నీరు పైకి లేస్తుంది చూశారా, అలాగే అణిగిన రాతినేల తిరిగి పైకి పొంగి, గుంట నడుమ కొండలా నిలబడిపోతుంది. అంచులు విరిగి మెట్లు మెట్లుగా లోపలికి జారతాయి. 85 కిలోమీటర్ల వెడల్పున్న టైకో అనే గుంటలో ఇవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి.

మరీ పెద్దవైతే వాటిని గుంటలనడానికి నోరు రాదు. చంద్రుడి దక్షిణ ధ్రువం నుంచి మనకి కనపడని అవతలి వైపుకి పరుచుకున్న ఐట్కెన్ పల్లం వెడల్పు సుమారు 2,500 కిలోమీటర్లు. మనం కుందేలని చూపించుకునే నల్ల మచ్చల్లో చాలావరకు ఇలాంటి పాత పల్లాలే, తర్వాతెప్పుడో లోపలి నుంచి లావా పైకొచ్చి వాటిని నింపి గట్టిపడింది. ఆ నల్లటి మైదానాల్లో గుంటలు తక్కువ, చుట్టూ ఉన్న తెల్లటి ఎత్తుభూముల్లో కిక్కిరిసి ఉంటాయి. అంటే మైదానాలు వయసులో చిన్నవి, ఎందుకంటే నేల ఎంత పాతదైతే అన్ని దెబ్బలు తింటుంది కదా. అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్ళ వయసు తేల్చాక, గుంటలు లెక్కపెట్టి నేల వయసు అంచనా వేయడం కుదిరింది. అక్కడ వాన లేదు, నది లేదు, కాబట్టి పాత గుంటల్ని అరగదీసేవి కూడా చాలావరకు కొత్త దెబ్బలే. కోట్ల ఏళ్ళుగా చిన్నాపెద్దా రాళ్ళు తగిలి తగిలి పైన పొడి మట్టి మీటర్ల మందాన పేరుకుంది, యాత్రికుల బూటు గుర్తులు పడింది అందులోనే.

చూడాలంటే పౌర్ణమి దాకా ఆగకండి, అప్పుడు వెలుగు నెత్తిమీద నుంచి పడి నీడలుండవు. సగం చంద్రుడున్నప్పుడు బైనాక్యులర్‌తో వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడండి, అంచుల నీడలు పొడుగ్గా పడి గుంటల లోతు తెలుస్తుంది. పౌర్ణమి నాడు మాత్రం దక్షిణం వైపున్న టైకోని వెతకండి, సుమారు 11 కోట్ల ఏళ్ళ కిందట ఆ దెబ్బకి ఎగిరిపడిన మట్టి తెల్లటి చారలై చంద్రుడి మీద ఎంత దూరం పాకిందో చూసి నాకు రాయండి.

మీ
తాతయ్య